ముందు పేర్లు నేర్చుకో

బుజ్జమ్మా,

నువ్వు మీ నాన్నకి పెట్టిన వాట్సాప్ మెసేజీ చూశాను. టెక్సాస్ పిల్లలు నువ్వు క్లాసులోకి వస్తే లేవరనీ, కూర్చునే ఎదురు ప్రశ్నలేస్తారనీ, ఉద్యోగం మానేసి వచ్చేస్తాననీ రాశావు. మీ అమ్మ రాత్రి అన్నం ముట్టలేదు.

లేవకపోవడం పొగరు కాదే, అక్కడ ఆ అలవాటే లేదు. నువ్వు మాత్రం ఇక్కడిలా క్లాసులో మార్కులు పైకి చదవకు. పిల్లల మార్కులు గుట్టుగా ఉంచాలని అక్కడ 1974 నుంచీ చట్టముంది.

అసలు సంగతి పేర్లు. నేను ఇథియోపియాలో, గోందర్‌లో పాఠాలు చెప్పిన రోజుల్లో చూశాను. వాళ్లకి ఇంటిపేర్లుండవు. ముందుది పిల్లాడి పేరు, వెనకది తండ్రి పేరు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వట్టి కాళ్లతో మారథాన్ గెలిచిన అబెబె బికిలా ఉన్నాడే, అతని పేరు అబెబె. బికిలా వాళ్ల నాన్న. మనవాడే లెక్కల మాస్టారొకాయన, ముందుది ఇంటిపేరనుకుని రెండో పేరుతో హాజరు పిలిచేవాడు. క్లాసులో ఉన్న పిల్లలందరి తండ్రుల్నీ పిలిచినట్టే! ఎవడూ పలికేవాడు కాదు. ఆయన వాళ్లకి తలపొగరని తిట్టుకునేవాడు. అక్కడ 'అవును' అనడానికి ఠక్కున ఊపిరి లోపలికి పీలుస్తారు. ఓ పిల్ల అలా పీలిస్తే ఆయాసమేమోనని మంచినీళ్లు తెప్పించాడు. ఇక గడియారం సంగతి ఎత్తితే తెల్లారుతుంది. మన లెక్కలో పొద్దున్న ఏడైతే వాళ్ల లెక్కలో ఒంటిగంట!

వేళకి తింటున్నావా? గోంగూర పచ్చడి అయిపోతే చెప్పు, పెద్దమ్మ పంపుతుంది.

మళ్లీ పేర్ల సంగతికొస్తే, నీ క్లాసులో మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలే ఎక్కువన్నావు కదా. 'జె'తో రాసే హోసేని 'జోస్' అనకు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో మీ అమ్మ నిన్నెలా పిలుస్తుందని అడుగు. రిజిస్టరులో పేరు పక్కనే తెలుగులో రాసుకో. మర్నాడు అదే చూసి పిలువు. తప్పు పలికితే వాళ్లనే దిద్దమను, నవ్వితే నవ్వనీ. నీ పేరు కూడా వాళ్ల చేత పూర్తిగా పలికించు. నోరు తిరగదని ఒక్క అక్షరానికి కుదించుకోకు తల్లీ, మీ నాయనమ్మ ముచ్చటపడి పెట్టిన పేరది.

వీసా మూడేళ్లుంది. డిసెంబరు సెలవుల దాకా ఓపిక పట్టు. అప్పటికీ మనసొప్పకపోతే వచ్చెయ్, ఎవరేమంటారో నేను చూసుకుంటాను. ఈలోగా అందరి పేర్లూ నోటికొచ్చాయని నాకు ఒక్క ముక్క రాయి.

పెదనాన్న