చౌక బిట్లు కొనవచ్చా?

తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో మాధవమాల అనే ఊరు ఉంది. కొయ్య బొమ్మలకు పేరున్న ఊరు. 2022 దాకా అది చిత్తూరు జిల్లాలో ఉండేది. ఉలి, సుత్తి పట్టి దేవుడి విగ్రహాలు చెక్కడం అక్కడివాళ్ల పని.

ఇప్పుడు కొయ్య పనికి మిషన్లు కూడా వచ్చాయి. వాటిలో ఒకటి రూటర్. చేత్తో పట్టుకొని నడిపే కరెంటు మిషను ఇది. దాని అడుగున బిట్టు బిగిస్తారు. బిట్టు గిర్రున తిరిగి కొయ్యను తొలుస్తుంది. పీట అంచు గుండ్రంగా తీయవచ్చు. పటం చట్రానికి గాడి తీయవచ్చు.

తీరిక వేళ సరదాకు కొయ్య పని చేసేవాళ్లూ దీన్ని కొంటున్నారు. అట్లాంటి ఒక ఆమె తిరుపతిలో వదినతో అంగడికి పోయిందనుకోండి. అక్కడ 12 బిట్ల పెట్టె 900 రూపాయలు. పక్కన మంచి బిట్టు ఒక్కటే 400 రూపాయలు.

"వదినా, పెట్టెలో ఒక్కోటి 75 రూపాయలే గదా! తీసుకుందామా?"

"నువ్వు చేసేది ఏంది మే?"

"పీటలు, పటాల చట్రాలు."

"వాటికి ఎన్ని బిట్లు కావాల?"

"మూడు చాలు."

"అట్లయితే తొమ్మిది ఊరికే పడుంటాయి. మూడింటికి 900. ఒక్కోటి 300 పడినట్టు."

వదిన లెక్క సరైనదే. అట్లని చౌక పెట్టె దండగ అనలేము. కొత్తవాళ్లకు ఏ బిట్టు ఎక్కువ వాడతారో ముందుగా తెలియదు. చౌక పెట్టెతో అది తెలిసిపోతుంది. మామిడి కొయ్యతో ఏడాదికి నాలుగైదు పీటలు చేసేవాళ్లకు అది చాలు. ఎక్కువ వాడే బిట్టు మొండి అయినప్పుడు, ఆ ఒక్కటి మంచిది కొనుక్కోవాలి.

బిట్ల లోహంలో రెండు రకాలు. హై స్పీడ్ స్టీల్ బిట్టు చౌక. దానికి పదును బాగా వస్తుంది, కానీ త్వరగా పోతుంది. ప్లైవుడ్డులోని జిగురు దాన్ని ఇంకా త్వరగా అరగదీస్తుంది. రెండోది కార్బైడ్ బిట్టు. ఉక్కు కాడకు కార్బైడ్ పలుకులు అతికిస్తారు. పదును చాలాకాలం నిలుస్తుంది. కానీ కింద పడితే పలుకు విరుగుతుంది. నాసిరకం వాటిలో పలుకు పలచగా ఉంటుంది, అతుకు సరిగా ఉండదు.

డబ్బు పోతే పోయింది. చెయ్యి పోతే? రూటరు బిట్టు నిమిషానికి 10 వేల నుంచి 30 వేల చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో పలుకు ఊడితే ఎటు పోతుందో చెప్పలేము. అందుకే అతుకులో సందు కనిపించినా, కాడ వంకరగా ఉన్నా ఆ బిట్టు ఎంత చౌకైనా వద్దు.

కాడ కొలత కూడా చూడాలి. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. పావు అంగుళం మిషనులో 6 మిల్లీమీటర్ల కాడ పెడితే గట్టిగా పట్టదు. చూసేదానికి రెండూ ఒకటిగానే ఉంటాయి. తిరిగేటప్పుడు జారి బయటికి వస్తుంది. అంగడిలో కొలత అడిగి తీసుకోవాలి.

బిట్టు మార్చే ముందు ప్లగ్గు పీకాలి. కొంగు దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి, గాజులు తీయాలి. కంటికి అద్దాలు, ముక్కుకు మాస్కు ఉండాలి. కొయ్య దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఒకేసారి లోతుగా కోయకూడదు. ఒక్కో విడతకు 3 మిల్లీమీటర్లు చాలు.

కొయ్య మాడిన వాసన వచ్చి అంచు నల్లబడిందా? వెంటనే బిట్టు పారేయవద్దు. కొయ్య జిగురు పట్టి ఉండవచ్చు. బిట్టును విప్పి, సబ్బు నీళ్లలో నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, తడి లేకుండా తుడవాలి. అప్పటికీ మాడితే పదును పోయినట్టే.