పంపించారు సరే, ఏ దారిన వచ్చింది?

చిరంజీవి అమ్మడికి,

కాలేజీ ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్ పెట్టావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. జిరాక్స్ మెషీన్, కలర్ ప్రింటర్, రెండు కంప్యూటర్లు అన్నీ కుదిరాయట. చాలా సంతోషం తల్లీ. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే నీకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. ఆ రద్దీ రాకముందే ఒక సంగతి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ కొట్టుకొచ్చే పిల్లలు ఎక్కువగా అనే మాట, "పంపించానక్కా, వచ్చిందా?" వాళ్ల ఫోన్‌లో వెళ్లినట్టే ఉంటుంది. నీ కంప్యూటర్‌లో ఎంత వెతికినా కనబడదు. వెనక నలుగురు నిలబడి ఉంటారు. అలాంటప్పుడు "ఏం పంపావు" అనే ముందు "దేంట్లో పంపావు" అని అడుగు. వైర్ లేకుండా వచ్చిన ఫైల్ ఎక్కడ పడిందన్నది అది వచ్చిన దారిని బట్టి ఉంటుంది. దారి తెలిస్తే ఫోల్డర్ తెలిసినట్టే.

ముందు బ్లూటూత్ సంగతి. విండోస్ కంప్యూటర్ బ్లూటూత్‌లో వచ్చే ఫైల్‌ని తనంతట తాను తీసుకోదు. కింద గడియారం పక్కన ఉండే బ్లూటూత్ గుర్తు మీద నొక్కి, "రిసీవ్ ఏ ఫైల్" అన్నది నువ్వు ముందే తెరిచి ఉంచాలి. ఆ తర్వాతే ఫోన్‌లోంచి పంపమనాలి. ఫైల్ వచ్చాక ఎక్కడ దాచాలో చూపించే గడి ఒకటి వస్తుంది. చాలామంది దాన్ని చదవకుండానే "ఫినిష్" కొట్టేసి, తర్వాత డౌన్‌లోడ్స్‌లో వెతుక్కుంటారు. నువ్వు ఆ గడిలో నీ ఫోల్డర్ పెట్టి అప్పుడు ఫినిష్ నొక్కు. బ్లూటూత్ నెమ్మది కూడా. ఒక పేజీ మెమో అయితే పర్వాలేదు గానీ, పెళ్లి వీడియో పంపుతానంటే వద్దని చెప్పు.

ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచైతే క్విక్ షేర్ మేలు. గూగుల్ 2020లో నియర్‌బై షేర్ పేరుతో తెచ్చింది ఇదే. 2024 జనవరిలో శామ్‌సంగ్ వాళ్ల క్విక్ షేర్‌తో కలిపి ఆ పేరే ఉంచారు. అందుకే పాత ఫోన్లలో ఒక పేరు, కొత్త ఫోన్లలో ఇంకో పేరు కనిపిస్తుంది, కంగారు పడకు. ఇది పక్కనున్న పరికరాన్ని బ్లూటూత్‌తో కనిపెట్టి, బరువైన ఫైల్‌ని వైఫై మీద పంపుతుంది. వేగం అందుకే. విండోస్‌కి కూడా దీని ప్రోగ్రామ్ ఉంది. మామూలుగా ఫైళ్లు డౌన్‌లోడ్స్‌లో పడతాయి. దాని సెట్టింగ్స్‌లో ఆ చోటు మార్చుకోవచ్చు, తప్పకుండా మార్చుకో. విండోస్‌లోనే ఉండే "నియర్‌బై షేరింగ్" వేరు. అది రెండు విండోస్ కంప్యూటర్ల మధ్య పనిచేసేది. సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద చూడు, వచ్చిన ఫైళ్లు ఎక్కడ దాచాలో అక్కడే రాసి ఉంటుంది.

ఐఫోన్ పట్టుకొచ్చిన వాళ్లతో నీకు వేరే చిక్కు. ఎయిర్‌డ్రాప్ విండోస్ కంప్యూటర్‌కి రాదు. ఐఫోన్ బ్లూటూత్‌లో దానికి ఫైళ్లు పంపదు. వాళ్లని పది నిమిషాలు తిప్పలు పెట్టకుండా మెయిల్ చెయ్యమను, లేదా కేబుల్ పెట్టు. ఫోటో వచ్చినా తెరుచుకోకపోతే అది హెచ్‌ఈఐసీ రకమై ఉండొచ్చు. 2017 నుంచి ఐఫోన్లు ఫోటోల్ని ఆ రకంలో దాస్తున్నాయి. ఫైల్ పాడైపోలేదని ఆ పిల్లాడికి ధైర్యం చెప్పు.

కొన్నిసార్లు ఫైల్ నీ దగ్గరికి రానే రాదు. పక్క కొట్టు కంప్యూటర్‌కి వెళ్లిపోతుంది. కొత్త కంప్యూటర్ పేరు మామూలుగా డెస్క్‌టాప్ అని మొదలై, దాని వెనక అర్థంకాని అక్షరాలూ అంకెలూ ఉంటాయి. అలాంటివి రెండు ఫోన్‌లో కనబడితే పంపే పిల్ల ఏదో ఒకటి నొక్కేస్తుంది. అందుకని మొదటి రోజే నీ కంప్యూటర్లకి కొట్టు పేరు పెట్టు, వెనక ఒకటి, రెండు అని అంకె వెయ్యి. ఆ పేరు పెద్ద అక్షరాల్లో రాసి గోడకి అంటించు. ఇంత చిన్న పనితో సగం గొడవ తప్పుతుంది.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకోమని అడిగేది. ఒకే రోజు నీ డౌన్‌లోడ్స్‌లో "ఆధార్" అనే పేరుతో ఎన్ని ఫైళ్లు పడతాయో ఊహించు. రెండోది వస్తే కంప్యూటర్ పేరు పక్కన ఒకటి అని, మూడోదానికి రెండు అని అంకె చేరుస్తుంది. తొందరలో నువ్వు అంకె లేనిది తెరిస్తే అది పొద్దున వచ్చిన వేరే పిల్లాడిది. వాట్సాప్ నుంచి దింపిన కాగితాల పేర్లయితే తరచూ డాక్ అని మొదలై తేదీ, అంకెలతో సాగుతాయి. పేరు చూసి మనిషిని పోల్చలేవు. ఒకరి కుల సర్టిఫికెట్ ఇంకొకరి దరఖాస్తులో ఎక్కితే వెరిఫికేషన్‌లో ఆ దరఖాస్తు ఆగుతుంది, సీటు మీదికి వస్తుంది. నువ్వు తీసుకునే పదీ ఇరవై రూపాయలు ఆ నష్టం ముందు ఎంతమ్మా? కాబట్టి ఫైల్ రాగానే ఆ విద్యార్థి హాల్ టికెట్ నంబర్‌తో ఒక ఫోల్డర్ చేసి అందులోకి జరుపు. తెరిచి, ఫోటో, పేరు, పుట్టిన తేదీ ఆ విద్యార్థికే చూపించి, అవునన్నాకే అప్‌లోడ్ నొక్కు. వెనక వాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ.

ఎక్కడ పడిందో అసలు తెలియకపోతే ఇలా వెతుకు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పేర్ల పైన ఉండే వరస మీద రైట్ క్లిక్ చేసి "డేట్ క్రియేటెడ్" పెట్టు, దాని ప్రకారం సర్దు. అక్కడే ఉండే "డేట్ మోడిఫైడ్"ని నమ్ముకుంటే రెండేళ్ల కిందట స్కాన్ చేసిన మెమో అడుక్కి పోయి ఉండొచ్చు. నీ కంప్యూటర్‌లోకి ఎప్పుడొచ్చిందో చెప్పేది క్రియేటెడ్ తేదీ. ఫోన్‌లో ఫోటోల తీరూ ఇదే. గ్యాలరీలు చాలావరకు ఫోటో తీసిన తేదీ ప్రకారం సర్దుతాయి. నిన్న అందిన పాత ఫోటో ఆ పాత సంవత్సరంలోకి పోయి కూర్చుంటుంది. "మా చెల్లి పంపింది, కనబడటం లేదు" అనే పెద్దవాళ్లకి గ్యాలరీ పైకి తిప్పి చూపించకు, ఫైల్స్ యాప్ తెరిచి డౌన్‌లోడ్స్ చూపించు. శామ్‌సంగ్ అయితే మై ఫైల్స్‌లో డౌన్‌లోడ్ లోపల క్విక్ షేర్ ఫోల్డర్ ఉందేమో చూడు. బ్లూటూత్‌లో వచ్చిన వాటి జాబితా చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లో కనెక్టెడ్ డివైజెస్ లోపల దొరుకుతుంది.

ఇంకో రకం వాళ్లూ వస్తారు. పాత ఫోన్ తెచ్చి, షేరిట్‌లోనో జెండర్‌లోనో వచ్చిన ఫోటోలు పోయాయంటారు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. యాప్ పనిచెయ్యడం ఆగిపోయినా అది తెచ్చిన ఫైళ్లు చెరిగిపోవు. ఇంటర్నల్ స్టోరేజ్‌లో ఆ పేరుతో ఉన్న ఫోల్డర్ తెరువు. పోయిన తాతగారి ఫోటో అందులోనే ఉండొచ్చు. ఇలాంటి పనికి డబ్బులు తీసుకోకు అమ్మడూ, నా మాట విను.

చివరిది, సాయంత్రం చెయ్యాల్సింది. వచ్చిన ఫైల్‌ని వెతికి పట్టడం నీకెంత సులువో, రేపు ఆ కుర్చీలో కూర్చునే పరాయివాడికీ అంతే సులువు. ఆధార్, బ్యాంకు పుస్తకం, ఆడపిల్లల ఫోటోలు, అన్నీ మన మీద నమ్మకంతో వదిలి వెళతారు. పని అయిన ఫోల్డర్ షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి తీసెయ్యి. మామూలుగా డిలీట్ చేస్తే రీసైకిల్ బిన్‌లో ఉండిపోతుంది. క్విక్ షేర్‌లో అందరికీ కనబడేలా పెట్టింది కొట్టు మూసే వేళకి ఆపెయ్యి. మళ్లీ కావాల్సి వస్తుందేమోనని దాచిపెడదాం అనుకోకు, వాళ్ల కాగితాలు వాళ్ల దగ్గర ఉన్నాయి.

కౌన్సెలింగ్ తేదీలు రాగానే ఫోన్ చెయ్యి. ఆ ముందు ఆదివారం మీ అత్తయ్యని తీసుకుని వస్తాను. రెండు కంప్యూటర్ల పేర్లు, ఫోల్డర్లు మనిద్దరం కూర్చుని పెడదాం. అమ్మని అడిగానని చెప్పు.

నీ మావయ్య