బ్యాకప్ నుంచి డేటాబేస్ నకలు: ఆలస్యం ఎక్కడ?



1998 నవంబరులో ‘కార్డ్’ పథకంతో మన రాష్ట్రంలోని రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. ఆ తర్వాత ఈ-పాస్ వచ్చింది. మన స్కాలర్‌షిప్ దరఖాస్తు కూడా డేటాబేస్‌లో ఒక రికార్డు అయింది. ఆ రికార్డు పోతే ఒక పేద విద్యార్థి ఫీజు ఆగిపోతుంది. అందుకే బ్యాకప్ తీస్తారు. అయితే ఒక్కసారైనా తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ను నమ్మడానికి లేదు. అలా వేరే సర్వర్‌లో ఎక్కించి తయారుచేసే నకలునే ‘క్లోన్’ అంటారు. ఫైలు పెద్దదైతే ఈ పనికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఎందుకు?

మన హాస్టల్ రిజిస్టరుకు నకలు కావాలనుకోండి. ఒక పద్ధతి జిరాక్స్ తీయడం. రెండోది ఒకరు చదువుతుంటే మరొకరు రాయడం. మైఎస్‌క్యూఎల్‌లో ‘మైఎస్‌క్యూఎల్‌డంప్’ ఇచ్చే ఫైలు రెండో రకం. అందులో ఉండేది తయారైన డేటాబేస్ కాదు, దాన్ని మళ్లీ కట్టడానికి కావలసిన ఆదేశాలు. కాబట్టి ఫైలు కాపీ అయినంత త్వరగా డేటాబేస్ తయారు కాదు.

ముందు లెక్క వేయండి. సెకనుకు 100 ఎంబీ చదివే డిస్కు 100 జీబీ ఫైలును సుమారు 17 నిమిషాల్లో చదువుతుంది. అదే ఫైలు 100 ఎంబీపీఎస్ నెట్‌వర్క్ మీద రావాలంటే రెండు గంటలు దాటుతుంది. పనికి పది గంటలు పడుతోందంటే తప్పు ఈ రెండింటిలోనూ లేదన్నమాట. అప్పుడు వరుసగా ఇవి చూడాలి.

1. మొదట వేగంగా సాగి, పోనుపోను నెమ్మదిస్తోందా? అయితే ఇండెక్సులను అనుమానించండి. ప్రతి పేరు రాయగానే అక్షరక్రమ పట్టికలో కూడా చేర్చడం లాంటిది ఇది. పట్టిక పెరిగి మెమరీలో పట్టకపోతే ప్రతిసారీ డిస్కు దగ్గరికి పరుగే. ప్రైమరీ కీ ఉంచి, మిగతా ఇండెక్సులను డేటా ఎక్కిన తర్వాత ఒకేసారి కట్టాలి.

2. ఇన్నోడీబీ బఫర్ పూల్ ఎంత ఉంది? ఎవరూ మార్చకపోతే 128 ఎంబీయే ఉంటుంది. సర్వర్ ఆ పనికే కేటాయించినదైతే ర్యామ్‌లో సగానికి పైగా ఇవ్వవచ్చు.

3. ఒక్కో రికార్డుకు ఒక్కో కమిట్ జరుగుతోందా? ప్రతి పేరుకూ వార్డెన్ గారి సంతకానికి వెళ్లినట్టే. వేల రికార్డులకు కలిపి ఒక కమిట్ చాలు.

4. ప్రాసెసర్‌లో ఒక్క కోరే పనిచేసి, మిగతావి ఖాళీగా ఉన్నాయా? రాసేవాడు ఒక్కడే అన్నమాట. ‘మైలోడర్’ వంటి సాధనంతో పని పంచవచ్చు. దానికి బ్యాకప్ కూడా ‘మైడంపర్’తో తీసి ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌లో ‘పీజీ రీస్టోర్’ నాలుగైదు పనులు ఒకేసారి చేస్తుంది, కానీ బ్యాకప్ కస్టమ్ లేదా డైరెక్టరీ రూపంలో ఉండాలి.

ఒక్కసారికి ఒక్కటే మార్చి సమయం రాసుకోండి. నాలుగూ కలిపి మారిస్తే ఏ మందుకు జబ్బు తగ్గిందో తెలియదు.

ఇన్ని చేసినా చాలకపోతే జిరాక్స్ పద్ధతికే వెళ్లాలి. ‘ఎక్స్‌ట్రాబ్యాకప్’ డేటా ఫైళ్లనే నేరుగా తీసుకుంటుంది. 2019లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0.17 నుంచి క్లోన్ ప్లగిన్ కూడా ఉంది. ఇవి ఇండెక్సులను మళ్లీ కట్టవు, కట్టినవాటినే తెస్తాయి.

చివరిగా ఒక మాట. నకలు సిద్ధమయ్యాక రికార్డుల సంఖ్యను అసలుతో సరిచూడండి. పరీక్షలకు ఇచ్చే ముందు ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు మార్చేయండి. అవి మనలాంటి ఇళ్లవారివే.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. ఇలాంటివి చెప్పేవారు ఇంట్లో లేరు. మీకు ఆ లోటు ఉండకూడదు. ఇంటర్వ్యూలో “రీస్టోర్ ఆలస్యమైతే ఏం చేస్తావు?” అని అడిగితే సెట్టింగుల పేర్లు వల్లించకండి. “ముందు సమయం ఎక్కడ పోతోందో కొలుస్తాను సార్” అని మొదలుపెట్టండి.