నిలబడ్డారు, పాడలేదు

మన భిలాయిలో ఉదయం ప్రార్థన సమావేశానికి తెలుగు, మలయాళం, ఒడియా, ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్లలు ఒకే వరుసలో నిలబడతారు. ఇళ్లలో భాషలు వేరు, పూజలు వేరు; జాతీయగీతం ఒకటే. ఆ వరుసలో ఒకరు మర్యాదగా నిలబడి, గీతం మాత్రం పాడలేదనుకోండి. వారిని బడి నుంచి పంపేయవచ్చా?

కేరళలో ముగ్గురు పిల్లలను అలాగే పంపేశారు. పది, తొమ్మిది, ఐదు తరగతులు చదివే ఆ తోబుట్టువులు యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవారు. దేవుణ్ణి తప్ప వేరొకరిని స్తుతించరాదని వారి విశ్వాసం. వారి అక్కలూ అదే బడిలో అలాగే నిలబడేవారు, ఎవరూ పట్టించుకోలేదు. 1985 జూలైలో ఒక శాసనసభ్యుడు చూసి అసెంబ్లీలో ప్రశ్న లేవనెత్తారు. విచారణ జరిపిన కమిషన్ పిల్లలు గీతాన్ని అగౌరవపరచలేదనే చెప్పింది. అయినా జూలై 26న వారికి బడి తలుపులు మూసుకున్నాయి. హైకోర్టులోనూ ఓడిపోయారు.

1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. గీతం పాడి తీరాలని ఏ చట్టంలో ఉందని ఆయన వెతికారు. ఎక్కడా లేదు. విద్యాశాఖ సర్క్యులర్ చట్టం కాదు. రాజ్యాంగంలోని 51ఎ అధికరణం జాతీయగీతాన్ని గౌరవించమంటుంది. లేచి నిలబడడం గౌరవమే. 19వ అధికరణం ఇచ్చిన మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కూ ఉంది. 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను కాపాడుతుంది. పిల్లలను తిరిగి చేర్చుకోమని కోర్టు ఆదేశించింది.

రాజనీతి శాస్త్రంలో టోటలిటేరియన్ రాజ్యం అన్న మాట మీకు పై తరగతుల్లో వస్తుంది. మామూలు నియంతకు ప్రజలు ఎదురుచెప్పకుండా ఉంటే చాలు. ఈ రాజ్యానికి అది చాలదు, మనసు కూడా కావాలి. హిట్లర్ జర్మనీలో ఇదే యెహోవా సాక్షులు చెయ్యెత్తి హిట్లర్‌కు జేజేలు కొట్టనన్నారు. వారిలో ఎందరినో నిర్బంధ శిబిరాలకు పంపి, బట్టలపై ఊదారంగు త్రికోణం కుట్టించారు. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1940లో జెండా వందనం చేయని ఈ శాఖ పిల్లల పక్షాన నిలవలేదు. మూడేళ్లకే, అదీ యుద్ధం మధ్యలో, తన తీర్పును తానే మార్చుకుంది. యుద్ధకాలంలో అలా చేయడానికి గుండెధైర్యం కావాలి.

అయితే ఎవరిష్టం వారిదేనా అని మీలో కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఆ పిల్లలు పక్కవాళ్ల పాటకు అడ్డుపడి ఉంటే కథ వేరు. జాతీయగీతం పాడనీయకుండా అడ్డుకున్నా, పాడుతున్నవారిని చెదరగొట్టినా 1971 నాటి చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు.