హెడ్డు దించడం వరకే ఇవాళ్టి పని

ఆటోనగర్‌లో ఎంత పెద్ద లారీ ఇంజన్ అయినా విప్పడానికి జంకే మేస్త్రీ ఉండడు. అదే మేస్త్రీ సొంత షెడ్డు పెట్టుకున్నాక, గేటు ముందు నాలుగు బళ్లు, ఫోన్‌లో వరసగా మిస్డ్ కాల్స్, ప్లాస్టిక్ కవర్లో నెలల తరబడి బిల్లులు చూసేసరికి టీ కొట్టు దగ్గరే నిలబడిపోతాడు. పని చేతగాక కాదు. ఎక్కడ మొదలెట్టాలో తోచక.

‘లారీ పని ఉంది’ అనుకుంటే గుండె దడే తప్ప చెయ్యి కదలదు. దాన్ని ముక్కలు చెయ్యండి: హెడ్డు దించడం ఒక పని. కడిగి, లైనర్ల అరుగుదల కొలవడం ఇంకో పని. దేనికది అయిపోయిందని చెప్పడానికి వీలుండాలి. రాత్రి షట్టర్ దించే ముందు రేపటి మొదటి పని ఒక్కటే పలక మీద రాసిపెట్టండి. ‘ఇంజన్ చూడాలి’ అని కాదు, ‘రెండో బండి హెడ్డు దించాలి’ అని.

వరస కూడా ముఖ్యమే. క్రాంకు గ్రైండింగ్‌కి, పంపు కాలిబ్రేషన్‌కి వెళ్లాల్సినవి పొద్దున్నే పంపించెయ్యాలి. అక్కడ ఎటూ ఆలస్యం తప్పదు, ఆ లోపు మన చేతిలో పని సాగుతుంది. చాలామంది తమ పనంతా ముగించుకుని సాయంత్రం లేత్ షాపుకి పరిగెడతారు. అప్పటికి అక్కడ వాళ్లూ చేతులు కడుక్కుంటుంటారు.

పని ఒక్కసారిగా మీద పడితే? 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లతో పాటు బళ్లూ మునిగాయి. నీరు తీశాక షెడ్ల ముందు ఆటోలు, బైకులు బారులు తీరాయి. అలాంటప్పుడు మొదటి బండిని పూర్తిగా బాగుచేసి రెండోదాని దగ్గరకు వెళ్దామంటే, చివరి బండి ఆలోపు తుప్పు పట్టిపోతుంది. ముందు అన్నింటికీ నష్టం ఆపే పని చెయ్యాలి. బ్యాటరీ తీగ ఊడదీయాలి. సెల్ఫ్ కొట్టనివ్వకూడదు: సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ప్లగ్గులు తీసి నీళ్లు వదిలించాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే దించెయ్యాలి. ఆ తర్వాత ఒక్కో ఇంజనే విప్పాలి. రెండు ఇంజన్లు ఒకేసారి విప్పితే బోల్టులే కాదు, బేరింగ్ క్యాపులూ కలిసిపోతాయి. వాటిని విడదీయడానికే ఓ పూట పోతుంది. కుర్రాళ్లు మాత్రం బండి ఓనర్ అరిచాడని రెండోది ముట్టుకుంటారు. అక్కడ మేస్త్రీ గట్టిగా ఉండాలి.

ఇక బిల్లుల కవరు. నెలనెలా జీఎస్టీ కట్టేవాళ్లకు 3బీ రిటర్నుకి 20వ తేదీ గడువు. 19 రాత్రి కవరు బోర్లించడం ఆత్మహింస. ఓ సాయంత్రం కొన్నవీ అమ్మినవీ వేరు చెయ్యండి, అంతే. మర్నాడు తేదీల వరస. ఆపైన ఆడిటర్‌కి ఫోటోలు. కూర్చున్న చోట ఒక్కటే పెట్టుకోండి, మిగతావి కంటికి కనపడకుండా.

ఓనర్ ఫోన్ చేస్తే ‘రేపు బండి ఇచ్చేస్తా’ అనొద్దు. ఆ మాటే మర్నాడు ఇంకో పది కాల్స్ తెస్తుంది. ‘మధ్యాహ్నానికి క్రాంకు కొలత తెలుస్తుంది, రెండింటికి నేనే చేస్తా’ అనండి. రెండింటికి చెయ్యండి, కొలత రాకపోయినా సరే.