ఒక వాస్తవానికి ఒకే చోటు: డేటాబేస్ నార్మలైజేషన్

ఒక ఎక్సెల్ షీటులో ప్రతి వరుసలోనూ సర్వే నంబరు, గ్రామం, తొండూరు మండలం, జిల్లా పేరు ఉన్నాయనుకుందాం. కడప జిల్లా 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయింది. వెయ్యి వరుసలుంటే వెయ్యి చోట్లా పేరు దిద్దాలి. పది వరుసలు మరిచిపోయినా ఒకే మండలం రెండు జిల్లాల్లో కనిపిస్తుంది. ఇదే అప్‌డేట్ అనామలీ. 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించిన ఇ.ఎఫ్. కాడ్ దీనికి చూపిన మందు నార్మలైజేషన్, అంటే ప్రతి వాస్తవమూ ఒకే చోట ఉండేలా పట్టికలను మెట్లుమెట్లుగా విడదీయడం.

ఒకే గడిలో కామాలతో ఉన్న మూడు సర్వే నంబర్లను మూడు వరుసలుగా విడదీస్తే మొదటి నార్మల్ ఫామ్. ఒకే సర్వే నంబరు పలు ఊళ్లలో ఉంటుంది కనుక గ్రామ కోడ్‌తో కలిస్తేనే అది ప్రతి వరుసనూ విడిగా గుర్తించే ప్రైమరీ కీ. గ్రామం, మండలం, జిల్లా పేర్లు ఆ కీలోని కోడ్ భాగంపైనే ఆధారపడతాయి, వాటిని వేరే పట్టికకు మారిస్తే రెండో ఫామ్. జిల్లా పేరు నేరుగా గ్రామాన్ని కాక మండలాన్ని బట్టి వస్తుంది, దాన్నీ విడదీస్తే మూడో ఫామ్. అయితే ముందు షీటును తాత్కాలిక పట్టికలోకి యథాతథంగా ఎక్కించి, ‘తొండూరు’, ‘తొండూర్’ వంటి రూపాలను ఒకే కోడ్‌కు చేర్చాలి. లేకుంటే ఒక మండలం రెండవుతుంది.

పట్టికలు పెరిగితే వాటిని తిరిగి కలిపే జాయిన్‌లు భారమవుతాయన్న అభ్యంతరం నిజమే. అందుకే నివేదికల కోసం కలిపిన నకలు ఉంచుకోవచ్చు, అసలు మాత్రం విడిగానే ఉండాలి. పాత పేరు చెరిగిపోతుందన్న భయానికి జవాబు, అమలు తేదీలతో కూడిన పేర్ల పట్టిక.