అలుగు మరచిన పట్నం



దేవరకొండ వైపునుంచి హైదరాబాదు పోయే సాగర్ రోడ్డు వెంట కృష్ణా నీళ్ళు మోసే పెద్ద పైపులైన్లు పోతాయి. చిన్నప్పుడు అవి మా చేలకే అనుకునేవాణ్ణి. "అవి పట్నం నీళ్లు బిడ్డా" అన్నాడు మా నాయిన, అప్పుడే ఎండిపోయిన బోరు పక్కన నిలబడి. ఆ మాట నన్ను ఈ లెక్కల్లోకి దించింది.

నాగార్జునసాగర్ నీటిని పుట్టంగండి దగ్గర తోడి అక్కంపల్లి జలాశయంలో పోస్తారు. కోదండాపూర్‌లో శుద్ధి చేసి, మెట్టు మెట్టుగా ఎత్తి, వంద కిలోమీటర్లకు పైగా నడిపిస్తారు. 2004, 2008, 2015 సంవత్సరాల్లో మూడు దశలు పూర్తయ్యాయి. ఒక్కో దశకు ఏడాదికి 5.5 టి.ఎం.సి.లు, మొత్తం 16.5.

సాగర్ నిండు మట్టం 590 అడుగులు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 1,750 అడుగుల ఎత్తున ఉన్నది. తేడా దాదాపు 350 మీటర్లు. మనం ఇంటర్‌లో చదివిన స్థితిజశక్తి సూత్రం వేసి చూడండి. వెయ్యి లీటర్లు అంత ఎత్తుకు చేర్చాలంటే, పంపుల నష్టాలు కలపకుండానే, దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి!

మరి ఆకాశం ఉచితంగా పైననే పోసే నీళ్ళ సంగతేమిటి? 2007లో ఏర్పడిన నాటి మహానగరపాలక సంస్థ విస్తీర్ణం దాదాపు 650 చదరపు కిలోమీటర్లు. ఏటా సుమారు 80 సెంటీమీటర్ల వాన. గుణిస్తే 18 టి.ఎం.సి.ల పైచిలుకు! ఇందులో ఆవిరయ్యేది, ఇంకేది పోగా అంతా చేతికి రాదు, నిజమే. కాని వచ్చేదాన్నయినా పట్టుకుంటున్నామా?

ఒకప్పుడు పట్టుకున్నారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసింది. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగాయి. 1909లో నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువన జలాశయాలు కట్టాలన్నారు. అట్లా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ముంచిన నీరే మంచినీరయింది. గండిపేట నీళ్ళు పంపు లేకుండానే పల్లానికి పారి ఊరికి చేరాయి.

ఇది మన పల్లెలకు కొత్త విద్య కాదు. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండితే అలుగు దుంకి, వాగు పట్టి, కింది చెరువుకు పోతుంది. "అలుగు మూస్తే కట్ట తెగుతది" అని మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. పట్నం ఆ మాట మరచింది. చెరువు శిఖాల్లో ఇళ్ళు లేచాయి, నాలాలు ఇరుకైనాయి. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానకు పల్లెచెరువు కట్ట తెగి దిగువ బస్తీలు మునిగాయి. వాన ఎక్కువ కురిసిన మాట నిజం. పోవడానికి దారి లేకపోవడం మాత్రం మనిషి చేసిన పని.

ఆ వరదా, పట్నం వాడి వదిలిన మురుగూ మూసీలో కలిసి మన జిల్లాకే వస్తాయి. మంచినీళ్ళు ఇచ్చిన జిల్లాకు మురుగునీళ్ళు! ఆ మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అది సాగర్‌కు దిగువన. అంటే ఒకసారి వదిలిన చుక్క మళ్ళీ సాగర్‌కు చేరదు.

పట్నం వాళ్ళు తాగొద్దని నా వాదన కాదు. మన అన్నలూ అక్కలూ అక్కడే బతుకుతున్నారు. తన నెత్తిన పడ్డ వానను ముందు తాను పట్టుకుని, తక్కువైనది మనల్ని అడగాలి. అంతే.

ఆ న్యాయం మనకూ వర్తిస్తుంది. వెయ్యి చదరపు మీటర్ల డాబాపై ఒక్క సెంటీమీటరు వాన పడితే పదివేల లీటర్లు. మన కాలేజీ డాబా నీళ్ళు ఎటు పోతున్నాయో ఈ వానాకాలం గొడుగు పట్టుకుని వెళ్ళి చూద్దామా?